పటం వెనక పెన్సిలు రాత

పటాలు కట్టే ఆ పెద్దమనిషిని వీధిలో అందరూ మేకులాయన అనేవారు. పనికి కూర్చోగానే పది పన్నెండు సన్న మేకులు పెదవుల మధ్య ఇరికించుకుని, ఒక్కొక్కటే తీసి ఫ్రేముకు కొడుతూ పోవడం ఆయన అలవాటు. నోట్లో మేకులున్నంతసేపు మాట్లాడటం కుదరదు కాబట్టి వచ్చినవాళ్లు ఏం చెప్పినా బుర్ర ఊపేవాడు. దాంతో ఆయన నెమ్మదస్తుడనీ, ఎవరినీ పల్లెత్తు మాట అనడనీ పేరొచ్చింది. ఈ పేరు చెవిన పడినప్పుడల్లా ఆయన భార్య నవ్వేది. "మేకులు ఉమ్మేశాక వచ్చి వినండి," అనేది.

నిజానికి లోకం మీద ఆయనకున్న చులకన అంతా ఇంతా కాదు. గీసేవాళ్లంటే చులకన, కొనేవాళ్లంటే ఇంకా చులకన, కొని గోడకు తగిలించి దాని కింద కూర్చుని పేపరు చదువుకునేవాళ్లంటే మరీ చులకన. అయితే వాళ్లు లేకపోతే షాపు నడవదు. అందుకని నోటితో అనాల్సింది చేత్తో రాసేవాడు. పటం వెనక పెట్టే అట్ట లోపలివైపు తేదీ వెయ్యడం ఆయన తండ్రి కాలం నుంచీ వస్తున్న పద్ధతి. ఆ తేదీ కింద ఈయన ఇంకో వాక్యం చేర్చాడు. బొమ్మ గురించి తనకేమనిపించిందో పెన్సిలుతో రాసి, అట్ట బిగించి, మేకులు కొట్టి, అంచుల చుట్టూ గోధుమరంగు కాగితం టేపు అతికించి, కొత్త పెళ్లికూతురును అప్పగించినంత మర్యాదగా పటాన్ని అప్పగించేవాడు.

రిటైరైన ఇన్‌స్పెక్టరు ఒకాయన ఉద్యోగం అయిపోగానే రంగులు కొన్నాడు. వరసగా పదకొండు బొమ్మలు తెచ్చాడు. పదకొండింటిలోనూ అదే కొండ, అదే సూర్యాస్తమయం. పదకొండోదాని వెనక మేకులాయన, 'ఇన్నిసార్లు అస్తమించినా సూర్యుడికి బుద్ధి రాలేదు,' అని రాశాడు. సినిమా హాలు మేనేజరు వరండాలో తగిలించడానికి ఒక హీరో ఫోటో తెచ్చాడు. దాని వెనక, 'ఈ ముఖంలో మూడు భావాలు పలుకుతాయి. మూడింటికీ మీసమే ఆధారం,' అని రాశాడు. షాపు మేడ మీద పిల్లలకు సంగీతం నేర్పే వయొలిన్ మాస్టారు, తను కచేరీ చేస్తుండగా తీసిన ఫోటోను మురిపెంగా తెచ్చిచ్చాడు. 'ఈ వయొలిన్ శ్రుతిలో ఉన్నది ఈ ఫోటోలో మాత్రమే,' అన్న మాట మాస్టారి ముందుగదిలో ఆయన నెత్తిమీదే పద్నాలుగేళ్లుగా వేలాడుతోంది.

కుళ్లుబోతు రాతలని కొట్టిపారేయడానికీ లేదు. ఆయనకు చూడటం వచ్చు. అసలు కంపరమెత్తించేది అదే. లాయరుగారు ఒకసారి పురాణ యుద్ధం పటం ఒకటి తెచ్చాడు. దేవుడు ఆయుధమెత్తి ఉన్నాడు, రాక్షసుడు కింద పడి ఉన్నాడు. లాయరుగారు దేవుడి కిరీటాన్ని పొగుడుతుంటే మేకులాయన రాక్షసుడి కళ్లు చూశాడు. దేవుడి కళ్లు బొమ్మల దుకాణంలో డజన్ల లెక్కన అమ్మే కళ్లు. రాక్షసుడివి మాత్రం ఎవరో నిజంగా చూసి గీసిన కళ్లు. 'గీసినవాడికి దేవుడంటే భయం, రాక్షసుడితో చనువు. ఇంటిదగ్గర ఎవరి మధ్య పెరిగాడో తెలుస్తూనే ఉంది,' అని అట్ట మీద రాశాడు. ఈ మాట చెప్పి ఉంటే లాయరుగారు తన పటాన్ని మొదటిసారి చూసి ఉండేవాడు. చెప్పలేదు, బుర్ర ఊపాడు.

బొమ్మలను ఆయన మూలల నుంచి చూసేవాడు. ఫ్రేము కట్టేవాడి చేతికి ముందు తగిలేవి మూలలే. ఎంత గొప్పగా గీసినవాడైనా ముఖం అయిపోయాక అలిసిపోతాడనీ, నాలుగో మూలకు వచ్చేసరికి ఏదో ఒక రంగు పులిమి లేచిపోతాడనీ ఆయన సిద్ధాంతం. నాలుగో మూల చూస్తే మనిషి సంగతి తేలిపోతుంది. పాటకూ అదే కొలత. చరణం చివర ఊపిరి ఎక్కడ తీశాడో చూడమనేవాడు. కచేరీకి వెళితే పాడేవాళ్ల కంటే కళ్లు మూసుకుని తలలూపే ముందువరస వాళ్లనే ఎక్కువ చూసేవాడు, వాళ్లు కళ్లు మూసుకునేది వినడానికి కాదనీ, పక్కవాళ్లు తమను చూడాలనీ ఆయన నమ్మకం. సినిమాకు వెళితే పది నిమిషాలకే లేచి వచ్చేసేవాడు. "తీసినవాడికి తెలిసిందంతా పది నిమిషాల్లో చెప్పేశాడు. మిగతా రెండు గంటలూ అది మనకు అర్థమైందా అని అడుగుతూ కూర్చుంటాడు," అనేవాడు. ఆయన భార్య మాత్రం ఆ రెండు గంటలూ చూసి, హాయిగా ఏడ్చి, తీరిగ్గా ఇంటికి వచ్చేది.

వెనక రాతలు మొదలుపెట్టిన మొదటి ఏడాది ఆయనకు భయం వేసింది. ఎవరైనా పటం విప్పితే గొడవ అవుతుంది, షాపు మూసుకోవలసిందే. రెండో ఏడాది ఎదురుచూశాడు. కనీసం ఒక్కడైనా విప్పకపోతాడా, ఒంటికాలి మీద లేచి పోట్లాటకు రాకపోతాడా అని. మూడో ఏటికి ఆ ఆశ కూడా పోయి, దాని స్థానంలో ఒక స్థిరమైన ఏవగింపు కుదురుకుంది. మనుషులకు బొమ్మ ముందు రెండు నిమిషాలు నిలబడే ఓపిక లేదు, వెనక్కి తిప్పి చూసే కుతూహలం అసలే లేదు. పిల్లి కూడా అద్దం చూపిస్తే వెనక ఏముందా అని తొంగిచూస్తుంది. ముప్ఫై ఏళ్లలో ఇన్ని వందల పటాలు కడితే ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, వెనక్కి తొంగిచూడలేదు. తన చులకనకు ఇంతకు మించిన రుజువు ఆయనకు అవసరం కాలేదు.

ఆ వందల్లో ఒకటి ఆయన అక్కది.

అక్క ఆయనకంటే మూడేళ్లు పెద్ద. ఆసుపత్రిలో నర్సుగా చేసేది. డ్యూటీ దిగి వచ్చి, బట్టలు మార్చుకుని, వంట చేసి, ఆ తర్వాత మిగిలిన కాసింత సమయంలో బొమ్మలు వేసుకునేది. ఇరవై ఆరేళ్ల కిందట, తండ్రి పోయిన మరుసటి సంవత్సరం, ఒక బొమ్మను పాత దుప్పటిలో చుట్టుకుని షాపుకు తెచ్చింది. అందులో ఉన్నది తండ్రే, ఇదే షాపులో ఇదే బల్ల ముందు వంగి కూర్చుని ఉన్నాడు. కాని ముఖం లేదు, చేతులు లేవు, వీపు మాత్రమే ఉంది. చెమటకు అతుక్కున్న చొక్కా, రంపం లాగి లాగి కిందికి జారిన కుడి భుజం, మెడ మీద కత్తిరించక పెరిగిన జుట్టు.

తమ్ముడు అలవాటుగా మూలలు చూశాడు. మొదటిది బాగుంది. రెండోదీ మూడోదీ బాగున్నాయి. నాలుగో మూలలో బల్ల కింద పడిన రంపపు పొట్టు ఉంది, ముఖ్యమైనదాన్ని గీసినంత శ్రద్ధగా గీసింది. అది ఆయనకు గుచ్చుకుంది. తను కట్టేవాడు, వాళ్లు గీసేవాళ్లు, గీసేవాళ్లకు రాదు, తనకు చూడటం వచ్చు, ఈ లెక్క మీదే ఆయన బతుకు సాగుతోంది. చిన్నప్పటి నుంచీ తనతో పాటు ఒకే కంచంలో తిన్న మనిషి వచ్చి ఆ లెక్క తప్పించేస్తే ఎలా ఊరుకుంటాడు? తప్పు కోసం వెతికాడు. వెతికేవాడికి దొరక్కపోవడమంటూ ఉండదు. అట్ట మీద తేదీ వేసి, కింద గట్టిగా నొక్కి రాశాడు: 'చేతులు గీయడం రాక వీపు గీసింది. ఫ్రేము దండగ.'

"ఎలా ఉందిరా?" అని అక్క అడిగింది.

ఆయన నోట్లో మేకులున్నాయి. బుర్ర ఊపాడు.

అక్క ఆ పటాన్ని ముందుగదిలో కుట్టుమిషను పైన తగిలించింది. ఆ తర్వాత ఏడాదిన్నరకు బొమ్మలు వేయడం పూర్తిగా మానేసింది. రంగుల డబ్బా ఎవరికో ఇచ్చేసింది, డ్రాయింగ్ కాగితాలను వంటింటి అలమరలో గిన్నెల కింద పరిచింది. తెల్లగా, మందంగా, అంచులు మడిచి పరిచిన ఆ కాగితాలను చూసి తమ్ముడు ఇంటికొచ్చి భార్యతో, "చివరికి వాటికి తగిన పని దొరికింది. మూణ్నాళ్ల ముచ్చట అని నేను ముందే అనుకున్నాను," అన్నాడు. ప్రతి ఆదివారం అక్క ఇంటికి వెళ్లి ఆ అలమరలోంచి తన కప్పు తనే తీసుకుని టీ తాగి వచ్చేవాడు. పట్టుదల లేని వాళ్ల గురించి, ఒక్క బొమ్మతో ఆగిపోయిన వాళ్ల గురించి ఆ టీ తాగుతూనే అక్కకు ఉపన్యాసాలిచ్చేవాడు. ఆమె వింటూ బఠానీలు ఒలుచుకునేది.

ఇలా నడుస్తున్న కథకు ఒక శనివారం ఫోను వచ్చింది. చేసింది మేనకోడలు, అక్క కూతురు. కాలేజీలో డ్రాయింగ్ చెబుతుంది. చిన్నప్పుడు షాపులో కూర్చుని బొమ్మలు ఎలా చూడాలో ఈ మామయ్య దగ్గరే నేర్చుకుంది, ఆ సంగతి ఇప్పటికీ నలుగురిలో చెప్పుకుంటుంది.

"మామయ్యా, టౌన్‌హాల్లో ఎగ్జిబిషన్ పెడుతున్నాం. ఇళ్లల్లో ఉండిపోయిన బొమ్మలన్నీ బయటికి తేవాలని. అమ్మ వేసిన తాతయ్య బొమ్మ కూడా పెడుతున్నా."

"మంచిదమ్మా."

"సోమవారం మనుషులొచ్చి తీసుకెళ్తారు. అన్నీ ఒకేలా ఉండాలని పాత ఫ్రేములు విప్పేసి సన్న నల్ల ఫ్రేములు వేయిస్తున్నాం. ఏమీ అనుకోవు కదా?"

మేకులాయన నోట్లో అప్పుడు నాలుగు మేకులున్నాయి. ఒకటి గొంతులోకి పోబోయి ఆగింది. మిగతావి బల్ల మీద ఉమ్మి, దగ్గి, అనుకోవడానికేముందన్నాడు.

ఆ సాయంత్రం భార్య ఏం వడ్డించిందో ఆయనకు తెలియలేదు. ఇన్‌స్పెక్టరు చదివితే నవ్వొచ్చేది. లాయరు చదివితే నోటీసు వచ్చేది, దానికైనా సమాధానం ఉంది. ఇది అక్క చదువుతుంది. ఆమె చదవకముందు ఆమె కూతురు చదువుతుంది. ముప్ఫై ఏళ్లు లోకమంతటికీ కుతూహలం లేదని తిట్టిపోసినవాడు ఆ సాయంత్రం, ఈ ఒక్క పటానికి మాత్రం ఎవరి కుతూహలమూ సోకకుండా ఉంటే చాలని కోరుకున్నాడు.

తెల్లారి ఆదివారమే. ఎప్పటికంటే గంట ముందే అక్క ఇంటికి వెళ్లాడు. జేబులో చిన్న పటకారు, మేకులు, ఒక రబ్బరు ముక్క.

"అంత పొద్దున్నే వచ్చావేమిటి?" అంది అక్క.

"నాన్న బొమ్మ ఎవరో విప్పుతామంటున్నారటగా. కొత్తవాళ్ల చేతిలో పెడితే మూలలు చింపేస్తారు. నేనే విప్పి ఇస్తాను. షాపుకు తీసుకెళ్తా."

"షాపుకెందుకు, ఇక్కడే విప్పు. బల్ల ఉంది."

"పనిముట్లు లేవక్కా."

"జేబులో పటకారు కనిపిస్తూనే ఉంది."

పోనీ ఇక్కడే కానిద్దామనుకుని, అక్కను టీ పెట్టమన్నాడు. ఆమె మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా వంటింట్లోకి నడిచింది. ఇన్నేళ్లలో ఆమె నడక అంత నెమ్మదిగా ఉండటం ఆయనకు ఆ రోజే కలిసొచ్చింది. పటం దించి, బల్ల మీద పేపరు పరిచి, బోర్లించాడు.

వెనక గోధుమరంగు టేపు లేదు. నాలుగువైపులా తెల్ల ప్లాస్టరు అంటించి ఉంది. దెబ్బలకు వేసే ఆసుపత్రి ప్లాస్టరు, కాలానికి పసుపుబారి, అంచుల్లో మురికి పట్టి ఉంది. తేమకు పాత టేపు ఊడి ఉంటుంది, అక్క అతికించి ఉంటుంది అని తనకు తనే చెప్పుకున్నాడు. ప్లాస్టరు లాగితే మేకులు కనిపించాయి. ప్రతి మేకు పక్కనా ఇంకో ఖాళీ రంధ్రం ఉంది. మేకులు ఒకసారి పీకి మళ్లీ కొట్టినవి. కొట్టినవాళ్లకు ఆ పని కొత్త, రెండు వంకరపోయాయి కూడా. పటకారుతో అన్నీ పీకాడు. అట్ట పైకెత్తాడు.

తేదీ ఉంది. కింద రాతా ఉంది. వేరే ఏమీ లేదు.

తేలు కుట్టిన దొంగలా ఒకసారి వంటింటివైపు చూసి, రబ్బరు తీసి రుద్దడం మొదలుపెట్టాడు. 'దండగ' పోయింది. 'ఫ్రేము' సగం పోయింది.

"చెరిపినా అచ్చు పోదురా. అంత గట్టిగా నొక్కి రాశావు," అంది అక్క. రెండు చేతుల్లో రెండు కప్పులతో గుమ్మంలో నిలబడి ఉంది.

ఆయన చేతిలో రబ్బరు అలాగే ఉండిపోయింది. "ఎప్పుడు విప్పావు?" అన్నాడు.

"నువ్వు కట్టిచ్చిన ఆర్నెల్లకు."

"ఎందుకు?"

"నాన్న వెనక తేదీ వేసేవాడు కదా. నువ్వూ వేస్తున్నావో లేదో చూద్దామని. బాగానే వేశావు తేదీ."

ముప్ఫై ఏళ్లు ఎదురుచూసిన ఆ ఒక్క కుతూహలం కలిగిన మనిషి, ప్రతి ఆదివారం ఎదురుగా కూర్చుని బఠానీలు ఒలిచిందన్నమాట. ఆయనకు ముందు కోపం వచ్చింది. సిగ్గు పడాల్సిన చోట కోపం తెచ్చుకోవడం ఆయనకు బాగా అలవాటైన పని.

"అప్పుడే నన్ను అడగొచ్చు కదా అక్కా."

"అడగడానికి వచ్చాను. రెండుసార్లు. నీ నోట్లో మేకులున్నాయి."

"అందుకేనా బొమ్మలు మానేశావు?"

అక్క కప్పులు బల్ల మీద పెట్టి ఆయన ముఖంలోకి చూసింది. ఆ చూపు ఆయనకు తెలుసు. మూలలు చూసేటప్పుడు తన ముఖంలో ఉండే చూపు అది.

"నీ మాటకు మానేసేంత గొప్పవాడివనుకోకు. నువ్వు రాసింది అబద్ధమైతే నవ్వుకుని మళ్లీ మేకులు కొట్టేసేదాన్ని. చేతులు గీయడం నిజంగానే నాకు రాదు. మరి వీపు ఎందుకు గీశానంటావా, నాన్న మనకు చూపించింది అదే కాబట్టి. అది నీకూ తెలియాలి, పక్క స్టూలు మీద కూర్చుని నువ్వు చూసిందీ ఆ వీపే. కాని చేతులు రావన్నది నిజం. అందుకని నేర్చుకున్నాను. ఏడాదంతా చేతులే గీశాను."

"ఏవీ? నేనెప్పుడూ చూడలేదే."

"చూడలేదు. ప్రతి ఆదివారం వాటి మీది నుంచే కప్పు తీసుకుంటున్నావు."

ఆయన లేచి వంటింట్లోకి వెళ్లాడు. అక్క వెనకే వచ్చి, మధ్య అరలోంచి ప్లేట్లు నాలుగు తీసి పక్కన పెట్టి, తెల్ల కాగితాన్ని తిరగేసింది.

చేతులు. ఒక్క కాగితం మీద ఏడెనిమిది. సూదికి చాపి ముఖం తిప్పుకున్న మనిషి చెయ్యి. దుప్పటి అంచును నలుపుతున్న ముసలి వేళ్లు. పై అరలో కాగితం తిప్పింది, అక్కడా చేతులే. కింది అరలో ఉన్నవన్నీ ఒక్క మనిషివే. రెండు వేళ్ల మధ్య సన్న మేకును పట్టుకున్న చెయ్యి. గాజు మీద అరచేయి ఆన్చి కొలుస్తున్న చెయ్యి. టేపును బొటనవేలితో రాస్తున్న చెయ్యి, ఆ బొటనవేలి గోరు సుత్తి పడి పగిలి వంకరగా పెరిగి ఉంది. ఆయన తన కుడిచేయి చూసుకోనక్కర్లేకపోయింది. ఆ ఏడాది అక్క మధ్యాహ్నం భోజనం వేళ షాపుకు వచ్చి మూల స్టూలు మీద కూర్చునేది. ఆసుపత్రిలో ఫ్యాను పాడయి ఉంటుంది, గాలి కోసం వస్తోంది అనుకున్నాడు అప్పుడు.

అలవాటు చావక మూలలు చూశాడు. మూలల్లో గిన్నెల గుండ్రటి మచ్చలున్నాయి, ఒకచోట నూనె చుక్క. వాటి కింద గీత ఎక్కడా అలిసిపోలేదు. తప్పు కోసం వెతికాడు, వెతికేవాడికి ఈసారి దొరకలేదు.

"ఇంత వచ్చాక ఎందుకు మానేశావు మరి?" అన్నాడు.

"వచ్చాక ఎవరికి చూపించాలో తెలియలేదు. ఈ వీధిలో చూడటం వచ్చినవాడివి నువ్వొక్కడివే. నువ్వేమో ముందు బుర్ర ఊపి వెనక రాసేవాడివి. రెంటిలో దేన్ని నమ్మను?" అంది అక్క. కోపంగా అనలేదు. రోగికి జ్వరం ఎంతుందో చెప్పినట్టు చెప్పింది.

ముందుగదివైపు చూపించి, "ఆ అట్ట మాత్రం చెరపకు. దాంతోనే మళ్లీ బిగించి ఇయ్యి. రేపు వాళ్లు విప్పుతారు, అమ్మాయి చదువుతుంది. మా మామయ్యకు చూడటం వచ్చు అని అందరికీ చెబుతుంటుంది. ఎంత వచ్చో దానికీ తెలియనీ," అంది.

ఆయన ఆ చేతుల కాగితాలను వదల్లేక, మచ్చల మీద అరచేత్తో మెల్లగా తుడిచాడు.

"ఇవన్నీ ఇవ్వక్కా. ఫ్రేములు కడతాను. ఒక్కొక్కటే, నేనే దగ్గరుండి కడతాను," అన్నాడు.

అక్క ఆయన చేతిలోంచి కాగితం తీసుకుని, బొమ్మ కిందికి వచ్చేలా తిప్పి అరలో పరిచింది.

"వద్దు. ఫ్రేము దండగ," అంది.

ఒక్కొక్క ప్లేటే తీసి వాటి మీద పెట్టుకుంటూ పోయింది. ముందుగదిలో టీ చల్లారిపోతోంది. ఆ పూట ఆయన నోట్లో మేకులు లేవు, అయినా మాట రాలేదు.